ఉప్పు గనిలో ధమ్మం



మన పిల్లలు చదువులకని యూరప్ వెళ్తున్నారు. పోలెండ్ వెళ్లినవాళ్లలో చాలామంది క్రాకో నగరం పక్కనున్న వియెలిచ్కా ఉప్పు గని చూసి వస్తారు. 13వ శతాబ్దం నుంచి 1996 దాకా ఉప్పు తీసిన గని అది. ఇప్పుడు మ్యూజియం. మీరెప్పుడైనా వెళ్తే, సుమారు 380 చెక్కమెట్లు దిగితేనే మొదటి అంతస్తు వస్తుంది.

అక్కడొక కథ చెబుతారు. హంగేరీ రాకుమారి కింగా పెళ్లై పోలెండుకు వస్తూ, తమ దేశపు ఉప్పు గనిలో ఉంగరం పడేసిందట. ఇక్కడికొచ్చి తవ్వమందట. బయటపడ్డ ఉప్పురాయిని పగలగొడితే అందులో అదే ఉంగరమట! వినడానికి బాగుంది. కానీ పరంపరగా వస్తోందని దేన్నీ ఒప్పుకోవద్దని బుద్ధుడు కాలాములకు చెప్పాడు కదా. మరి ఈ ఉప్పెక్కడిది? కోటి సంవత్సరాలకు పైగా వెనక అక్కడ సముద్రం ఉండేది. నీళ్లు ఆవిరయ్యాయి, ఉప్పు పేరుకుంది, మట్టి కప్పేసింది. తర్వాత లోపలికి చేరిన నీరు ఆ ఉప్పును కరిగించింది. కరిగిన ఉప్పే కొన్ని గుహల్లో పలకలు తీరిన స్ఫటికాలుగా మళ్లీ గడ్డకట్టింది. ఏ దేవుడూ చేయలేదు, ఏ రాణీ తేలేదు. కారణాలు కూడాయి, ఏర్పడింది. పటిచ్చసముప్పాదం అంటే ఏదో కొరుకుడుపడని మాట అనుకుంటాం, ఇదే అది. అనిచ్చం కూడా అక్కడే కనిపిస్తుంది. గాలిలో తేమ పెరిగి ఉప్పు బొమ్మలు కరుగుతుంటే, 1989లో యునెస్కో ఆ గనిని ప్రమాద జాబితాలో పెట్టింది. తేమ లాగే యంత్రాలు పెట్టాక 1998లో తీసేసింది.

ఇక 101 మీటర్ల లోతులో ఒక ప్రార్థనామందిరం. గోడలు ఉప్పు, నేల ఉప్పు, దీపాల గుత్తులకు వేలాడేవి ఉప్పు స్ఫటికాలు. అందరూ నోరు తెరిచి పైకి చూస్తారు. మీరు మాత్రం చెక్కిన చేతుల గురించి అడగండి. 1896లో మొదలుపెట్టి దశాబ్దాలపాటు చెక్కింది ముఖ్యంగా ముగ్గురు గని పనివాళ్లే: మార్కోవ్‌స్కీ అన్నదమ్ములిద్దరూ, విరోదెక్. ఆ మందిరానికి రాకుమారి పేరే పెట్టారు, సరే, వీళ్ల పేర్లు కూడా చెరిగిపోలేదు. పాతరోజుల్లో ఇంకో పని ఉండేది. తడిబట్టలు కప్పుకుని, పొడవాటి కర్రకు కాగడా కట్టి, నేలమీద పాకుతూ కప్పు కింద చేరిన మీథేన్ వాయువును కాల్చేసేవాళ్లు. మిగతావాళ్లు బతికి పనిచేయాలంటే ఎవరో ఒకరు ముందు పాకాలి! ఆ మనుషుల పేర్లు మాత్రం గోడల మీద లేవు.

సమ్మా ఆజీవం గురించి మాట్లాడేటప్పుడు నేను ఈ పాకేవాళ్లనే తలుచుకుంటాను. ఒకడి కూటికోసం ఇంకొకడి ప్రాణం పణం కాకూడదు. బాబాసాహెబ్ కార్మిక శాఖ చూస్తున్నప్పుడు, 1943 డిసెంబరులో ఝరియా బొగ్గు గనుల్లోకి స్వయంగా దిగి చూశారు. మరుసటి ఏడాదే బొగ్గు గని కార్మికుల సంక్షేమ నిధి వచ్చింది.

మనకూ సింగరేణి ఉంది. తట్టా చెమ్మస్ పట్టుకుని బొగ్గుబాయి దిగిన తాతలు మన వాడల్లో ఇంకా ఉన్నారు. ఈ ఆదివారం విహారానికి వచ్చేటప్పుడు వాళ్లలో ఒకరిని వెంట తీసుకురండి. పిల్లల ముందు కూర్చోబెట్టి, ఏ బాయిలో ఏం పనిచేశారో, పక్కన ఎవరెవరు ఉండేవాళ్లో పేరుపేరునా చెప్పించి, నోటుబుక్కులో రాయించండి.