పేరు పెట్టి పిలిస్తే

మా మామగారూ, ఆయన అన్నగారూ ఆస్తి పంచుకున్న ఏడాది నేను కొత్త కోడల్ని. అంతవరకూ వీధిలోంచే "ఒరే చిన్నోడా" అని కేకేసే పెదమామగారు, దస్తావేజులు రిజిస్టరయిన మర్నాడు గుమ్మంలో నిలబడి, తమ్ముడి పూర్తి పేరుకి 'గారు' తగిలించి, "ఉన్నారా అమ్మా?" అని అడిగారు. మర్యాదకేం లోటు లేదు. మామగారు మాత్రం ఆ పూట అన్నం ముట్టలేదు.

మొన్న కొరియా సంగతులు చదువుతుంటే అది గుర్తొచ్చింది.

ఉత్తర కొరియా, దక్షిణ కొరియా అని మనం అంటాం గానీ, ఆ రెండిళ్లలోనూ ఆ పేర్లు లేవు. 1945లో జపాన్ ఓడిపోయాక అమెరికా, సోవియట్ రష్యా ఆ దేశాన్ని 38వ అక్షాంశం దగ్గర చెరో ముక్కా చేశాయి. 1948లో రెండు ప్రభుత్వాలొచ్చాయి. దక్షిణాది వాళ్లు 'దేహాన్ మింగుక్' అన్నారు. ఆ 'హాన్' 1897లో రాజుగారు దేశానికి పెట్టుకున్న పేరులోది. ఉత్తరాది వాళ్లు, అంతకుముందు 500 ఏళ్లు చెల్లిన 'చోసన్' అన్న పేరు తీసుకున్నారు.

అసలు తమాషా ఎదుటివాళ్లని పిలవడంలో ఉంది. వాళ్లు వీళ్లని 'దక్షిణ చోసన్' అనేవారు. వీళ్లు వాళ్లని 'ఉత్తర హాన్' అంటారు. అంటే ఇల్లంతా మాదే, మీరు మా ఇంట్లో ఓ గదిలో ఉంటున్నారు అని! దురాశే, కాదనను. 1950 నుంచి మూడేళ్లు లక్షల ప్రాణాలు తీసిన యుద్ధంలో అదీ ఉంది. కానీ అదే పిలుపులో 'మీరు పరాయివాళ్లు కాదు' అన్న మాట కూడా ఉందా, లేదా?

1991లో జపాన్‌లో జరిగిన ప్రపంచ టేబుల్ టెన్నిస్ పోటీలకి ఇద్దరూ ఒకే జట్టుగా వెళ్లారు. ఆడపిల్లలు చైనాని ఓడించి బంగారు పతకం తెచ్చారు. జట్టుకి హాన్ కాదు, చోసన్ కాదు, బయటివాళ్లు పిలిచే 'కొరియా' పేరే పెట్టుకున్నారు. జాతీయగీతం బదులు, ఇద్దరిళ్లలోనూ పాడుకునే 'అరిరాంగ్' జానపదం.

2023 జులైలో ఉత్తర కొరియా పాలకుడి చెల్లెలు కిమ్ యో జోంగ్ తన ప్రకటనల్లో దక్షిణాన్ని 'దేహాన్ మింగుక్' అంది. అక్షరాలా వాళ్ల పేరుతోనే. ఆ ఏడాది చివర్లో ఆమె అన్నగారు, ఇక కలిసే మాటే లేదు, మనవి రెండు శత్రుదేశాలు అని తేల్చేశాడు.

ఎవరి పేరుతో వాళ్లని పిలవడం మర్యాదని పిల్లలకి నేర్పుతాం కదా. గీతకి అవతల ఉండిపోయిన తోబుట్టువుల్ని 2018 ఆగస్టులో కొందరు ముసలివాళ్లకి చివరిసారి చూపించారు. వాళ్ల చెవికి ఈ మర్యాద ఎలా వినపడి ఉంటుందో!

మా పెదమామగారు మళ్లీ "చిన్నోడా" అనడానికి పదకొండేళ్లు పట్టింది. అదీ మా ఆడపడుచు పెళ్లిలో, అరిటాకులు చాలక, కంగారులో!