సిలోయము గోపురం, మోరంచవాగు



లూకా సువార్త 13వ అధ్యాయంలో కొందరు ఒక దుర్వార్త మోసుకొని క్రీస్తు ప్రభువు వద్దకు వస్తారు. బలి అర్పిస్తున్న గలిలీయులను కొందరిని పిలాతు చంపించాడన్నది ఆ వార్త. ప్రభువు దానికి మరొకటి జోడించారు. సిలోయము దగ్గర గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి అది. చనిపోయినవారు యెరూషలేములోని మిగతావారికంటె పెద్ద పాపాత్ములా? కారని ఆయన స్పష్టంగా చెప్పారు. అంతటితో ఊరుకోలేదు. బతికి ఉండి వార్త మోసుకొచ్చినవారి వైపు తిరిగి, మారవలసింది మీరేనన్నారు.

2023 జూలై 27 తెల్లవారుజామున భూపాలపల్లి మండలంలోని మోరంచపల్లిని మోరంచవాగు ముంచెత్తింది. జనం ఇళ్ళ కప్పులెక్కారు, చెట్లెక్కారు. నలుగురు కొట్టుకుపోయారు. హెలికాప్టర్లు రావలసి వచ్చింది. ఆ ఒక్క రోజులో చిట్యాలలో 61 సెంటీమీటర్ల పైచిలుకు వాన పడింది. ఏడాదంతా పడవలసిన వానలో దాదాపు సగమన్న మాట! ఆ మరుసటి సంవత్సరం వేసవిలో జనగామ జిల్లా దేవరుప్పుల మండలంలో బోర్లు ఎండి వరి ఎండిపోయింది. మళ్ళీ అయిదు నెలలు తిరక్కుండానే మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు పొంగింది. మరిపెడ మండలం సీతారాం తండా నీళ్ళలో మునిగింది. కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. అది 2024 సెప్టెంబరు 1, ఆదివారం. సృష్టి పరిరక్షణ కోసం విశ్వాసులంతా ప్రార్థించాలని ఫ్రాన్సిస్ పోపుగారు 2015లో ఏర్పరచిన దినం కూడ అదే.

ఇటువంటివి జరిగినప్పుడు, దేవునికి కోపం వచ్చిందని అనేవారు మనలో ఉన్నారు. మోరంచపల్లివారూ తండావారూ ఏ పాపం చేశారని? తండాలోని గిరిజన కుటుంబానికి ఏ.సి. లేదు, కారు లేదు, విమానం ఎక్కిన పాపాన పోలేదు. మన దేశంలో సగటు మనిషి ఏడాదికి సుమారు 2 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు కారకుడైతే, అమెరికాలో సగటు మనిషి సుమారు 14 టన్నులకు కారకుడు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం అదనపు తేమను పట్టుకోగలదు. ఆ తేమ కుంభవృష్టిగా ఎక్కడ దిగేదీ ఎవరి చేతుల్లోనూ లేదు. దిగినప్పుడు మాత్రం వాగు ఒడ్డున ఎవరి ఇల్లుంటే వారే మునుగుతారు. వాగు ఒడ్డున ఉండేది పేదవాడు గదా! ఎవరో చేసిన అప్పుకు వీరి వాకిలి జప్తు అవుతున్నది. వాతావరణ న్యాయం అంటున్నది ఈ అప్పు లెక్క గురించే. ధనిక దేశాలు పేద దేశాలకు ఇటువంటి అప్పు పడి ఉన్నాయని 'లౌదాతో సీ' విశ్వలేఖలో పోపుగారు నిర్మొగమాటంగా రాశారు. నష్టపరిహార నిధి ఒకటి పెట్టాలని 2022లో ఈజిప్టులో జరిగిన సదస్సులో దేశాలు ఒప్పుకున్నాయి. అందులో పడవలసినంత డబ్బు ఇంకా పడలేదు.

అయితే లెక్కంతా అమెరికా వాకిట్లో పారేసి మనం చేతులు దులుపుకొంటే, వార్త మోసుకొచ్చిన ఆ మనుషులకూ మనకూ తేడా ఉండదు. 2016 అక్టోబరు 11 వరకు ఈ మూడు జిల్లాలూ చాలావరకు ఒకే వరంగల్ జిల్లా. పాలన విడిపోయిందే గాని బతుకు విడిపోలేదు. భూపాలపల్లిలో సింగరేణి బొగ్గు తీస్తుంది. చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం 1,100 మెగావాట్లు తయారు చేయగలదు. జనగామలో లోతైన బోరు నుంచి నీరు తోడే కరెంటులో ఆ బొగ్గు పాలు కూడ ఉన్నది. మన దేవాలయాల ఉత్సవాల్లో రాత్రంతా వెలిగే సీరియల్ లైట్లలో కూడ ఉన్నదనుకోండి. దుమ్మూ బూడిదా మాత్రం ఆ పక్క ఊళ్ళవే.

రేపే గనులు మూసివేయండని నేను అనను. గని మీద బతికే కుటుంబాలు మన విచారణల్లోనే ఉన్నాయి. వారికి మరో బతుకు చూపకుండా పర్యావరణం గురించి మాట్లాడటం కూడ ఒక అన్యాయమే. సింగరేణి సోలారు కేంద్రాలు కూడ పెట్టుకొంటున్నది. ఆ కొత్త పనుల్లో మొదటి వాటా భూమి పోయినవారికీ గని కార్మికుల పిల్లలకూ రావాలని అడగడం న్యాయం. గనుల వల్ల నష్టపోయిన ఊళ్ళ కోసం 2015 చట్ట సవరణతో జిల్లా ఖనిజ నిధి ఏర్పడింది. ఆ డబ్బు దుమ్ము తినే ఊరికి చేరుతున్నదా, మరెక్కడో సి.సి. రోడ్డు అవుతున్నదా? అడగవలసినవారు అడగకపోతే ఎవరు చెబుతారు?

ఇక చెరువుల సంగతి. గొలుసుకట్టు చెరువులు కాకతీయుల నాటి నుంచి మన ప్రాంతంలో వరదకూ కరువుకూ మందు. వాన ఎక్కువైతే పట్టుకుంటాయి, తక్కువైతే బోర్లకు ఊటనిస్తాయి. శిఖం భూమిలో ప్లాట్లు కొన్నవారు, మత్తడి కాలువ మీద గోడ కట్టినవారు మన గుడిలో పూజకు రానివారేనా? పాపసంకీర్తనంలో అబద్ధం చెప్పుకుంటాం, కోపం చెప్పుకుంటాం. చెరువును పూడ్చానని చెప్పినవారు ఉన్నారేమో, గురువులకే తెలియాలి.

2024 మార్చిలో సుప్రీంకోర్టు, బట్టమేక పిట్టల కేసులో, వాతావరణ మార్పు దుష్ఫలితాల నుంచి రక్షణ పొందడం రాజ్యాంగంలోని 14, 21 అధికరణల కింద పౌరుల హక్కేనని తీర్పు చెప్పింది. ఒక పిట్ట గురించి వేసిన వ్యాజ్యం చివరికి తండాలోని మనిషికీ పనికివచ్చింది చూడండి.

సిలోయము గోపురం మాట ముగియగానే ప్రభువు అంజూరపు చెట్టు ఉపమానం చెబుతారు. నరికివేయమన్న యజమానిని తోటమాలి ఇంకొక్క ఏడాది గడువు అడుగుతాడు. ఊరకే అడగడు. చుట్టూ తవ్వుతాను, ఎరువు వేస్తాను అని తాను చేయబోయే పని చెప్పి అడుగుతాడు.

మన వంతు తవ్వకం ఒకటి చెబుతాను. కొత్త గనికి గాని, ఉన్న గని విస్తరణకు గాని అనుమతి ఇచ్చే ముందు, 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం, సాధారణంగా ప్రజాభిప్రాయ సేకరణ సభ జరపాలి. దానికి కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలి. నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి, కలెక్టరు కార్యాలయం వంటి చోట్ల ప్రజలకు చూపాలి. సభలో చదువు రాని ముసలమ్మ అయినా లేచి మాట్లాడవచ్చు. ఆమె మాట నమోదు చేసి సభలోనే చదివి వినిపించాలి. ప్రకటన వచ్చిన వారమే ఆ సారాంశం తెచ్చి, పూజ అయిన తరువాత గుడి అరుగు మీద కూర్చొని, ఏ మతంవారు వచ్చినా వారికి చదివి వినిపించే పని మన ఉపదేశులూ యువతీయువకులూ పెట్టుకోవాలి.