ఇతరుల పుణ్యక్షేత్రం – మన మనస్సాక్షి



ఇతర మతస్థుల పుణ్యక్షేత్రంలో క్రైస్తవుడు ఎలా నడచుకోవాలి? చెప్పులు విడిచి మౌనంగా నిలబడితే మన విశ్వాసం పలచబడినట్లా? ఈ ప్రశ్నతో థాయిలాండ్ ఈశాన్యాన ఉన్న నఖోన్ ఫనోమ్ ప్రావిన్సుకు మనసులోనే ప్రయాణం చేద్దాం రండి.

మెకాంగ్ నదికి ఆవల లావోస్ దేశం, ఈవల వరిచేలు. తెల్లవారగానే బౌద్ధ భిక్షువులు పాత్రలతో వీధిలోకి వస్తారు. ఇల్లాండ్రు మోకరించి అన్నపు ముద్దలు వేస్తారు. అక్కడి థాట్ ఫనోమ్ స్తూపం ఎత్తు సుమారు 53 మీటర్లు. అందులో బుద్ధుని రొమ్ము ఎముక ఉన్నదని వారి నమ్మకం. 1975 ఆగస్టు 11న వర్షాలకు అది కూలిపోయింది. ప్రజలు ఊరుకోలేదు. తిరిగి కట్టి, 1979లో ధాతువులను మళ్ళీ ప్రతిష్ఠించుకున్నారు. మన అమరావతి స్తూపపు శిథిలాలను చూసినవారికి ఆ భక్తి విలువ తెలుస్తుంది.

అక్కడికి దక్షిణాన, అదే నది ఒడ్డున, నేటి ముక్దాహాన్ ప్రావిన్సులో సోంగ్‌ఖోన్ అనే పల్లె ఉంది. 1940లో ఫ్రెంచివారితో సరిహద్దు తగాదా ముదిరిన రోజుల్లో, కతోలిక విశ్వాసం పరదేశి మతమనీ, దానిని విడిచిపెట్టాలనీ పోలీసులు ఆ ఊరివారిని బెదిరించారు. డిసెంబరు 16న ఉపదేశి ఫిలిప్ సిఫోంగ్‌ను, 26న ఇద్దరు మఠకన్యలను, వారితోపాటు మరి నలుగురిని కాల్చి చంపారు. ఆ నలుగురిలో మరియ ఫోన్‌కు 14 ఏళ్ళే. 1989 అక్టోబరు 22న రెండవ జాన్ పాల్ జగద్గురువులు ఈ ఏడుగురు వేదసాక్షులను ధన్యులుగా ప్రకటించారు.

ఇప్పుడు ఆలోచించండి. బుద్ధుడు బోధించినది అహింస. ఈ ఏడుగురిని బలిగొన్నది, మనిషి మనస్సాక్షిని తుపాకీతో తిప్పవచ్చుననుకున్న అధికారం. వారు ప్రాణమిచ్చి కాపాడుకున్న ఆ స్వేచ్ఛ మనకు కావాలంటే, స్తూపం ముందు మోకరించే తల్లికి కూడా ఉండాలి కదా! ఇతర మతాలలోని సత్యమైన, పవిత్రమైన దేనినీ శ్రీసభ తోసిపుచ్చదని 1965లో రెండవ వాటికన్ మహాసభ బోధించింది.

“అయితే అన్ని మతాలూ ఒకటేనా, ఫాదర్?” అంటారేమో. ఒకటే అయితే ఆ 14 ఏళ్ళ బాలిక మరణానికి అర్థమేమిటి? ఏదైనా ఒకటే అనడం గౌరవం కాదు, ఉదాసీనత. ఎదుటివారి నమ్మకాన్నీ మన నమ్మకాన్నీ తేలికగా తీసుకోకపోవడమే గౌరవం. స్తూపం ముందు మౌనంగా నిలబడవచ్చు. ఆరాధన మాత్రం దేవునికే.

తల్లిదండ్రులారా, మీ పిల్లలు పొరుగింటివారి పూజను ఎగతాళి చేస్తే వెంటనే ఆపండి. ‘నీవు నమ్మేదేమిటి?’ అని ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెప్పడం కూడా నేర్పండి. ఈ రెండింటినీ ఇంట్లో కలిపి నేర్పవలసినది మీరే.