తల్లిదండ్రులపై దూరపు చూపు – సేవా? నిఘా?

వృద్ధులైన తల్లిదండ్రులను కంటికి రెప్పలా చూసుకోవడం సంతానం విధి. ఇందులో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. అయితే కంటికి రెప్పలా చూసుకోవడం వేరు, కన్నార్పకుండా చూస్తూ ఉండటం వేరు. ఈ రెంటి మధ్య తేడా మునుపు అంతగా చర్చకు వచ్చేది కాదు. కన్నార్పకుండా చూసే సాధనం ఎవరి దగ్గరా లేదు కాబట్టి ఆ ప్రశ్నే పుట్టలేదు. ఇప్పుడు ఆ సాధనం మన చేతిలో ఉంది.

మోచేతికి పైన, చేతి వెనుక భాగంలో చిన్న బిళ్ల లాంటి సెన్సర్ అతికిస్తే అది 14 రోజుల పాటు రాత్రింబవళ్లు షుగర్‌ను చూపిస్తూ ఉంటుంది. నిజామాబాదులో ఉన్న తండ్రి చేతికి సెన్సర్ ఉంటే రియాద్‌లో ఉన్న కొడుకు ఫోనులో ఆ అంకె కనిపిస్తుంది. మణికట్టు గడియారాలు నడకను, నిద్రను, గుండె వేగాన్ని లెక్కిస్తున్నాయి. 2018 నుంచి కొన్ని గడియారాలు మనిషి కింద పడిపోతే పసిగట్టి కబురు పంపుతున్నాయి. బి.పి. యంత్రం తాను చూసిన అంకెను నేరుగా డాక్టరుకు చేరవేస్తుంది.

మన ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనం దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మంది మధుమేహంతో ఉన్నారని అంచనా వేసింది. మరోవైపు కరీంనగర్, నిజామాబాద్, కడప, హైదరాబాద్ ప్రాంతాలలో కొడుకులు గల్ఫ్ దేశాలలోనూ, తల్లిదండ్రులు ఇక్కడా ఉన్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కనుక మా వద్దకు వచ్చే ప్రశ్నలలో ఇది కూడా చేరింది: ‘తండ్రి అలవాట్లు బాగుపడాలని కొడుకు దూరం నుంచి ఆయన ఒంటి లెక్కలు చూస్తూ ఉండవచ్చునా? ఆయనకు ఇష్టం లేకపోతే?’

ప్రయోజనాన్ని కాదనలేము

ముందుగా న్యాయం మాట్లాడుకుందాం. యంత్రం కొత్తది అన్నంత మాత్రాన అది చెడ్డది కాదు. ప్రతి వ్యాధికీ అల్లాహ్ ఔషధాన్ని అవతరింపజేశాడని, చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (సఅసం) బోధించారు. వ్యాధిని ముందుగా కనిపెట్టే సాధనమూ ఆ చికిత్సలో భాగమే.

దీనికి ఆధారాలూ ఉన్నాయి. అడుగులు లెక్కించే చిన్న యంత్రం నడుముకు పెట్టుకున్నవారు, పెట్టుకోనివారి కన్నా రోజుకు సుమారు 2,500 అడుగులు అదనంగా నడిచారని 2007లో వెలువడిన ఒక సమీక్ష తేల్చింది. 2019లో అమెరికాలో ప్రచురితమైన అధ్యయనం సగటున 72 ఏళ్ల వయసున్న 16 వేలకు పైగా స్త్రీలను పరిశీలించింది. రోజుకు సుమారు 2,700 అడుగులు నడిచినవారి కన్నా 4,400 అడుగులు నడిచినవారిలో మరణాలు తక్కువగా కనిపించాయి. 7,500 దాటిన తర్వాత అదనపు మేలు అంతగా కనిపించలేదు. అందరి నోటా నానుతున్న 10,000 అడుగుల లెక్క 1965 ప్రాంతంలో జపానులో అమ్మకానికి వచ్చిన ఒక యంత్రం పేరు నుంచి వ్యాపించిందే గాని, వృద్ధులకు వైద్యులు విధించిన హద్దు కాదు. ఈ ఒక్క విషయం తెలిస్తే మోకాళ్ల నొప్పులతో బాధపడే ఎంతమంది తల్లులు పిల్లల సాధింపు నుంచి బయటపడతారో!

ఇంగ్లండులో 2010లో వెలువడిన మరో పరిశోధన మన ప్రశ్నకు మరింత దగ్గరిది. బి.పి. అదుపులో లేనివారికి ఇంటి దగ్గరే చూసుకునే యంత్రం ఇచ్చారు. అంకెలు వైద్యులకు చేరే ఏర్పాటు చేశారు. ఏడాది తర్వాత వారి బి.పి., మామూలు వైద్యం పొందినవారి కన్నా ఎక్కువగా తగ్గింది. అయితే అక్కడ జరిగింది కేవలం నిఘా కాదు. బి.పి. చూసుకోవడం రోగికే నేర్పారు. అంకె పెరిగితే మందు ఎలా మార్చుకోవాలో డాక్టరుతో ముందే మాట్లాడుకుని, ఆ ప్రకారం రోగే నడుచుకున్నాడు. అంకె మొదట రోగి చేతిలో ఉంది. ఆ తర్వాతే ఇతరుల చేతికి వెళ్లింది. మన ఇళ్లలో తరచూ దీనికి విరుద్ధంగా జరుగుతోంది. అంకె కొడుకు ఫోనులో ఉంటుంది, తండ్రికి మాత్రం మందలింపు చేరుతుంది.

సేవకుడు కూడా అనుమతి అడగాలి

ఇస్లాం ఇంటి గుమ్మానికి గొప్ప గౌరవం ఇచ్చింది. దివ్య ఖుర్ఆన్‌లోని నూర్ సూరా ఇతరుల ఇళ్లలోకి అనుమతి లేకుండా ప్రవేశించరాదని నేర్పింది. ఒక వ్యక్తి దైవప్రవక్త (సఅసం) ఇంటిలోకి రంధ్రం గుండా తొంగి చూసినప్పుడు, అనుమతి అడిగే నియమం ఏర్పడిందే చూపు కారణంగా అని ఆయన హెచ్చరించారు. అంటే కాలు లోపల పెట్టకపోయినా చూపు లోపలికి వెళ్తే ప్రవేశించినట్టే. రియాద్ నుంచి నిజామాబాదుకు వచ్చే చూపుకు ఈ నియమం వర్తించదని ఎవరనగలరు?

‘మేము పరాయివాళ్లం కాదు కదా, కన్నబిడ్డలం’ అని కొందరంటారు. దీనికి జవాబు కూడా ఉంది. ఇమామ్ మాలిక్ (రహ్మలై) గారి ముఅత్తాలో ఒక ఉల్లేఖనం ఉంది. తల్లి దగ్గరికి వెళ్లడానికి కూడా అనుమతి అడగాలా అని ఒకాయన దైవప్రవక్త (సఅసం)ను అడిగాడు. అడగాలన్నారు. ఆమెతో ఒకే ఇంట్లో ఉంటానన్నాడు. అయినా అడగమన్నారు. ఆమెకు సేవ చేసేది నేనే కదా అన్నాడు. అయినా అడగమనే చెప్పి, ఆమెను వివస్త్రగా చూడటం నీకు ఇష్టమేనా అని ప్రశ్నించారు.

సోదరులారా! ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. ఆ మనిషి చివరగా చూపిన కారణం సేవ. నేటి కొడుకు చూపే కారణమూ అదే. సేవ అనే మాట అనుమతి అవసరాన్ని తొలగించలేదు. ఒంటి మీది బట్ట ఒక తెర అయితే, రాత్రి ఎన్నిసార్లు లేచారు, ఎంతసేపు పడుకున్నారు, ఏ వేళ ఏం తిన్నారు అన్నవి మరో తెర వెనుక ఉన్న విషయాలు. ఆ తెర తొలగించే హక్కు ఆ తెర ఎవరిదో వారికే ఉంది.

అంకె చేతికి వచ్చాక నాలుక

అనుమతి దొరికిందనుకుందాం. అప్పుడు అసలు పరీక్ష మొదలవుతుంది. రాత్రి పదకొండు గంటలకు షుగర్ పెరిగినట్టు ఫోను చెబుతుంది. వెంటనే కొడుకు ఫోను చేస్తాడు: ‘అబ్బా, ఈ వేళప్పుడు ఏం తిన్నారు? ఎన్నిసార్లు చెప్పాలి మీకు?’ జీవితమంతా ఇంటికి పెద్దగా బతికిన మనిషి, మనుమల ముందు, కోడలి ముందు, సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తుంది. బనీ ఇస్రాయీల్ సూరా తల్లిదండ్రుల వృద్ధాప్యాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించి, వారి ముందు ‘ఉఫ్’ అని విసుక్కోవడాన్ని కూడా నిషేధించింది. ఆ ఒక్క మాటకే అనుమతి లేనప్పుడు, రోజుకు నాలుగుసార్లు అంకె పట్టుకుని నిలదీయడానికి అనుమతి ఎక్కడిది?

పైగా ఆ అంకె ఎల్లప్పుడూ ఖచ్చితమూ కాదు. చేతికి అతికించే సెన్సర్ నేరుగా రక్తాన్ని చూడదు. చర్మం కింది ద్రవంలోని గ్లూకోజును చూస్తుంది. రక్తంలో వచ్చిన మార్పు అక్కడ కనిపించడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ చేతి మీద ఒత్తిగిలి పడుకున్నా అంకె తప్పుగా తగ్గవచ్చు. అనుమానం వస్తే వేలు గుచ్చి సరిచూసుకోవాలని వైద్యులు అందుకే చెబుతారు. వైద్యుడే సరిచూసుకునే అంకెను సాక్ష్యంగా పెట్టి తండ్రిని దోషిగా నిలబెట్టడం ఏ న్యాయం?

దీని ఫలితం ఏమవుతుందో కూడా చూడండి. మందలింపుకు భయపడిన వృద్ధుడు అలవాటు మార్చుకోడు, దాచుకోవడం నేర్చుకుంటాడు. గడియారం తీసి మనుమడి చేతికి తొడుగుతాడు, అడుగులు వాడివి, లెక్క ఈయనది! ఫోను ఎక్కడో మరచిపోయినట్టు నటిస్తాడు. మనుషుల కంటికి కనిపించడం కోసం చేసే ఆచరణ, ఆ కన్ను పక్కకు తిరగగానే ఆగిపోతుంది. అందుకే మన ధర్మంలో ఆచరణలన్నీ నియ్యత్ మీద ఆధారపడి ఉన్నాయి. ఈ దేహం అల్లాహ్ ఇచ్చిన అమానత్ అని, నమాజుకు మసీదు దాకా నడిచి వెళ్లే బలం చివరిదాకా నిలవాలని తలచి నడిచే వృద్ధుడికి ఏ తెరతోనూ పని ఉండదు. మంచి సాధనం అనేది ఆ సంకల్పానికి ఊతకర్రలా ఉండాలి, వెనుక నుంచి అదిలించే బెత్తంలా కాదు.

వద్దంటే?

ఇక కష్టమైన ప్రశ్న. తండ్రి సెన్సర్ వద్దంటాడు. గడియారం తీసి బల్ల మీద పెడతాడు. ప్రాణం మీదికి వస్తుందేమోనని కొడుకు భయం. ఈ భయం అబద్ధం కాదు, దీన్ని మేము తేలికగా తీసుకోము.

దైవప్రవక్త (సఅసం) చివరి అస్వస్థత నాటి సంఘటన ఒకటి సహీహ్ బుఖారీలో హజ్రత్ ఆయిషా (రజి) ద్వారా నమోదై ఉంది. ఇంటివారు ఆయన నోటిలో ఒక పక్క నుంచి మందు పోయబోయారు. వద్దని ఆయన సైగ చేశారు. రోగికి మందంటే ఉండే అయిష్టమే అయి ఉంటుందని భావించి వారు పోశారు. ఆయన తేరుకున్న తర్వాత, నేను వద్దనలేదా అని అడిగారు. ఆ సమయంలో అక్కడ లేని హజ్రత్ అబ్బాస్ (రజి)ని మినహాయించి, ఇంట్లో ఉన్నవారందరికీ అదే మందు పోయమని ఆదేశించారు.

ఆ ఇంటివారి ప్రేమలో లోపం ఉందా? లేదు. వారి ఉద్దేశంలో లోపం ఉందా? లేదు. అయినా స్పృహలో ఉన్న రోగి ‘వద్దు’ అన్న మాటను, అది రోగం పలికించిన మాటేనని కొట్టిపారేయడాన్ని ఆయన సమ్మతించలేదు. మనం చేస్తున్నదీ అదే కదా! ‘ఆయనకేం తెలుసు, వయసు మీద పడింది’ అంటాం. వయసు మీద పడటం, మతి పోవడం ఒకటి కాదు. చికిత్స చేయించుకోవడం మంచిదని చెప్పిన ధర్మవేత్తలలోనే అత్యధికులు దాన్ని ప్రతి రోగి మీదా విధిగా మోపలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

మరి మతిమరుపు వ్యాధి ముదిరి, ఇంటి దారి కూడా గుర్తు లేని తల్లి సంగతి? అక్కడ తీర్పు వేరు. తన మేలు తాను ఎంచుకోలేని మనిషికి సంరక్షకుడు ఎంచుకోవాలి. దారి తప్పకుండా గడియారం తొడగడం అక్కడ సేవే. అయితే అవసరానికి మించి చూడరాదు. ఆమె ఎక్కడుందో తెలిస్తే చాలినప్పుడు గదిలో కెమెరా పెట్టే పని లేదు.

పాటించవలసిన కొన్ని మర్యాదలు

మొదటిది, సాధనం ఏమి చూస్తుందో, ఎవరెవరికి చూపిస్తుందో తల్లిదండ్రులకు వారి భాషలో విడమరచి చెప్పి, ఒప్పుకుంటేనే పెట్టాలి. తీసేసే స్వేచ్ఛ ఉందని కూడా చెప్పాలి.

రెండవది, అంకె ముందు వారికే కనిపించాలి, అర్థం కావాలి. ఎంత దాటితే ఎవరు ఏం చేయాలో డాక్టరు సమక్షంలో వారితో కలిసి నిర్ణయించుకోవాలి. ప్రమాదపు హెచ్చరిక మాత్రమే కొడుకుకు చేరేలా పెట్టుకుంటే చాలా ఇళ్లలో గొడవే ఉండదు.

మూడవది, ఆ సమాచారం అమానత్. బంధువుల వాట్సాప్ గ్రూపులో తల్లి షుగర్ లెక్కలు పెట్టడం అమానత్‌లో ఖియానత్. 2023లో మన దేశం చేసిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం కూడా సమ్మతిని ముఖ్యమైన ప్రాతిపదికగా తీసుకుంది. సర్కారు కంపెనీలను అడిగే మర్యాద కన్నబిడ్డలలో ముందే ఉండాలి.

నాలుగవది, రమజాన్. డాక్టరు సలహాతో రోజా ఉండే మధుమేహ రోగికి ఈ సాధనం మంచి తోడు. షుగర్ 70 కన్నా తగ్గినా, 300 దాటినా రోజా విరమించాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. రోగికి అల్లాహ్ ఇచ్చిన సడలింపును మొండిగా తోసిపుచ్చే పెద్దలకు ఆ అంకెను ప్రేమగా చూపించండి. అది మందలింపు కాదు, అల్లాహ్ కారుణ్యాన్ని గుర్తు చేయడం.

ఐదవది, అన్నిటికన్నా ముఖ్యమైనది. అంకె చూశాను కాబట్టి నా బాధ్యత తీరిందని అనుకోవద్దు. సెన్సర్ షుగర్‌ను చూపుతుంది, ఒంటరితనాన్ని చూపదు. అడుగులు లెక్కిస్తుంది, పక్కన నడిచేవాడు లేడన్న సంగతి లెక్కించదు. ‘ఈ రోజు ఎందుకు నడవలేదు’ అని అడిగే ఫోను కన్నా, ‘అబ్బా, మీరు నడుస్తూ మాట్లాడండి, నేనూ ఇక్కడ నడుస్తూ వింటాను’ అనే ఫోను ఎక్కువ అడుగులు వేయిస్తుంది. తండ్రికి మిఠాయి మానమని చెప్పే ఇంట్లో మిగతావారి పళ్లెంలో మిఠాయి ఉండకపోవడం వంద సందేశాలకు సమానం.

తల్లిదండ్రుల ఒంటి లెక్కలు మన ఫోనులోకి వచ్చినప్పుడు మనకు వారి మీద అధికారం రాలేదు, మన మీద ఒక బాధ్యత పెరిగింది. ఆ అంకెలను మనం ఎలా వాడామో రేపు అల్లాహ్ సన్నిధిలో మనమే లెక్క చెప్పుకోవాలి.

తల్లిదండ్రుల ఆరోగ్యాన్నీ, వారి గౌరవాన్నీ కలిపి కాపాడే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.