అరుదైన నోటు: ధర్మసమ్మతమైన విలువ ఎంత?

 

శుక్రవారం నాడు మనం పారాయణం చేసే కహఫ్ సూరాలో ఒక వెండి నాణెం ప్రస్తావన ఉంది. విశ్వాసాన్ని కాపాడుకోవడానికి గుహలో తలదాచుకున్న యువకులను అల్లాహ్ 309 సంవత్సరాలు నిద్రపుచ్చాడు. మేల్కొన్నాక ఆకలేసి, తమలో ఒకరి చేతికి నాణెమిచ్చి పట్టణానికి పంపారు. అంగట్లో ఆ నాణెం చూసి జనం ఆశ్చర్యపోయారనీ, అది ఏనాడో గతించిన రాజు కాలం నాటిదనీ ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు వివరించారు. అయితే ఆ యువకులు తమ మిత్రుడికి చేసిన హితవు గమనించండి. పరిశుద్ధమైన ఆహారం ఎక్కడ దొరుకుతుందో చూసి మరీ తెమ్మన్నారు. ఆకలితో నకనకలాడుతున్నా హలాల్ గురించిన ఆలోచన వారిని వదల్లేదు.

ఈ రోజుల్లో పాత నోట్లు, ప్రత్యేక నంబర్ల నోట్ల గురించి మాకు తరచూ ప్రశ్నలు వస్తున్నాయి. “గల్లాపెట్టెలో 786 నంబరు నోటు దొరికింది, ఎక్కువ ధరకు అమ్మవచ్చా?” అని ఒకరు, “తాతగారి పెట్టెలో నిజాం కాలం నోటు ఉంది, అమ్మితే హలాలేనా?” అని మరొకరు అడుగుతున్నారు. అందుకే ఈ నెల ఈ విషయాన్ని వివరంగా చెప్పుకుందాం.

చెల్లని నోటు ఒక సరుకు

1908 మూసీ వరదల తర్వాత నగరాభివృద్ధి జరిగిన రోజుల్లో పత్తర్‌గట్టి రాతి కమానులు వెలిశాయి. అక్కడి అత్తరు దుకాణాల్లో, బట్టల దుకాణాల్లో ఒకప్పుడు హాలీ సిక్కాతోనే బేరసారాలు సాగేవి. 1918లో హైదరాబాద్ సంస్థానం కాగితపు కరెన్సీ చట్టం చేసి తొలుత పది, వంద రూపాయల నోట్లు విడుదల చేసింది. తర్వాత ఒకటి, అయిదు రూపాయల నోట్లు, 1926లో వెయ్యి రూపాయల నోటు వచ్చాయి. వాటి మీద ఉర్దూతో పాటు తెలుగు, కన్నడం, మరాఠీల్లో కూడా విలువ రాసి ఉండేది. బ్రిటిష్ ఇండియా వంద రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ సిక్కా సమానం. సంస్థానం భారతదేశంలో కలిశాక ఈ కరెన్సీ రద్దయింది.

కనుక ఈ నోటుతో నేడు ఎవరూ ఏమీ కొనలేరు. మారకపు గుణం పోయాక అది ధర్మశాస్త్రం దృష్టిలో ‘సమన్’ కాదు, ఒక పాత వస్తువు. పాత పింగాణీ పాత్రను, పాత ఖడ్గాన్ని అమ్మినట్లే దాన్ని ఉభయులూ ఒప్పుకున్న ధరకు అమ్మవచ్చు, కొనవచ్చు. మడతలు పడలేదా, అంచులు చిరగలేదా, దాని మీద ఏ ఆర్థికమంత్రి సంతకం ఉంది, అలాంటివి ఎన్ని మిగిలాయి అన్నవాటిని బట్టి సేకరణదారులు ధర కడతారు. ఇందులో తప్పు లేదు.

అయితే 2016 నవంబరు 8న రద్దయిన అయిదు వందలు, వెయ్యి రూపాయల నోట్ల విషయంలో ఒక హెచ్చరిక. 2017లో చేసిన చట్టం ప్రకారం అలాంటి నోట్లు మొత్తం పదికి మించి ఎవరి దగ్గరా ఉండకూడదు. అధ్యయనానికి, పరిశోధనకు, సేకరణకు అయితే 25 వరకు ఉండవచ్చు. మనం నివసించే దేశపు చట్టాన్ని పాటిస్తామన్న ఒప్పందానికి కట్టుబడి ఉండటం కూడా ముస్లిం బాధ్యతే.

చెలామణిలో ఉన్న నోటు సంగతి వేరు

ఇక అసలు సమస్య ఇక్కడే ఉంది. 786 నంబరు నోటు, నంబరుకు ముందు నక్షత్రం గుర్తున్న నోటు, ముద్రణ ఆగిపోయిన రెండు రూపాయల నోటు... ఇవన్నీ నేటికీ చెల్లుతాయి. చెల్లే వంద రూపాయల నోటును అయిదు వందల రూపాయలకు అమ్మవచ్చా?

హజ్రత్ ఉబాదా బిన్ సామిత్ (రజి) ఉల్లేఖించిన ప్రసిద్ధ హదీసులో దైవప్రవక్త (స) బంగారానికి బంగారం, వెండికి వెండి మారకం చేసేటప్పుడు సరిసమానంగా, చేతికి చేయిగా ఉండాలని ఆదేశించారు. అదనంగా ఇచ్చినా, తీసుకున్నా అది వడ్డీ. నేటి కాగితపు కరెన్సీ బంగారు, వెండి నాణేల స్థానంలో నిలిచింది కనుక దానికీ ఈ ఆదేశమే వర్తిస్తుందని అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1986లో అమ్మాన్ సమావేశంలో తీర్మానించింది.

“మౌలానా, ఈ నోటు మామూలు నోటు కాదు కదా! దీని ప్రత్యేకతకు అదనపు ధర తీసుకుంటే తప్పేమిటి?” అని కొందరు వాదిస్తారు. దీనికి జవాబు హజ్రత్ బిలాల్ (రజి) వృత్తాంతంలో ఉంది. ఆయన ఒకసారి మేలురకమైన బర్నీ ఖర్జూరాలు తెచ్చారు. ఎక్కడివని దైవప్రవక్త (స) అడిగితే, తన దగ్గరున్న నాసిరకం ఖర్జూరాలు రెండు సాలు ఇచ్చి ఇవి ఒక సా తీసుకున్నానని చెప్పారు. ఆయన (స) తీవ్రంగా నొచ్చుకుని, ఇదే అసలైన వడ్డీ అని హెచ్చరించారు. నాసిరకాన్ని వేరుగా అమ్మి, వచ్చిన సొమ్ముతో మేలురకం కొనుక్కోవాలని దారి చూపారు. చూడండి! బర్నీ ఖర్జూరం నిజంగానే మేలైనది. అయినా ఒకే జాతి వస్తువుల మారకంలో ఆ మేలుదనం హెచ్చుతగ్గులకు అనుమతి కాలేదు. అలాంటప్పుడు ఒక నంబరు ఎలా అవుతుంది?

ఈ విషయంలో పూర్వం అభిప్రాయభేదం ఉన్న మాట వాస్తవం. మౌలానా అహ్మద్ రజా ఖాన్ (రహ్మ) హిజ్రీ 1324లో కాగితపు నోటు గురించి ప్రత్యేక గ్రంథం రచించి, నోటును సరుకుగా పరిగణించి, రాసి ఉన్న విలువకు హెచ్చుతగ్గులుగా అమ్మవచ్చన్నారు. అప్పటికి అసలు డబ్బు వెండి నాణెమే. నేడు నోటే డబ్బు. అందుచేత చెల్లే నోటును అదే కరెన్సీకి ఎక్కువగా అమ్మడానికి దూరంగా ఉండటమే క్షేమం. సందేహాస్పదమైన వాటిని వదిలినవాడు తన ధర్మాన్ని, గౌరవాన్ని కాపాడుకున్నట్లేనని ప్రవక్త (స) బోధించారు. నచ్చిన నోటును దాచుకోండి, కానుకగా ఇవ్వండి, అంతే విలువకు మార్చుకోండి. అభ్యంతరం లేదు.

786లో శుభం ఉందా?

అక్షరాలకు అంకెలు కట్టే అబ్‌జద్ పద్ధతిలో బిస్మిల్లాహ్ వాక్యం మొత్తం 786 అవుతుంది. అంతకు మించి దీనికి ఖుర్ఆన్‌లో గానీ, హదీసుల్లో గానీ ఆధారం లేదు. సహచరులెవరూ ఈ అంకెను శుభంగా భావించలేదు. పైగా అది అరుదైనది కూడా కాదు. ప్రతి వెయ్యి వరుస నంబర్లలో ఒకటి 786తో ముగుస్తుంది. పది లక్షల నోట్ల వరుసలో అలాంటివి వెయ్యి ఉంటాయి. నక్షత్రం గుర్తు సంగతీ అంతే. ముద్రణలో పాడైన నోటుకు బదులుగా పెట్టిన నోటు అని దాని అర్థం.

ఆ నోటు పర్సులో ఉంటే బర్కత్ వస్తుందని నమ్మి, బిస్మిల్లాహ్ అని నోరారా పలకడం మరచిన ఇల్లు ఎంత నష్టపోయిందో ఆలోచించండి! ఉపాధి ప్రదాత అల్లాహ్ మాత్రమే.

ఈ నమ్మకమే మోసగాళ్లకు పెట్టుబడి అయింది. మాకు తెలిసిన ఒక జర్దోజీ పనివాడు 786 నోటు ఫోటో పంపాడు. “లక్షలు ఇస్తాం, ముందు రిజిస్ట్రేషన్ రుసుము కట్టండి” అని ఫోను వచ్చింది. తర్వాత పన్ను అన్నారు, ఆ తర్వాత కమీషన్ అన్నారు. ఇంట్లో కూతురి పెళ్లికి దాచిన డబ్బు పోయింది, నోటు మాత్రం చేతిలోనే మిగిలింది. రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రజలను హెచ్చరించింది. పాత నోట్ల, నాణేల అమ్మకాలతో తనకు సంబంధం లేదనీ, వాటి కోసం రుసుము గానీ, కమీషన్ గానీ తాను అడగననీ, ఎవరికీ అలాంటి అధికారం ఇవ్వలేదనీ ప్రకటించింది. కనుక ముందుగా డబ్బు కట్టమన్నవాడు ఎవరైనా సరే, ఒక్క రూపాయి పంపకండి. ఈ మాట ఇంట్లో స్త్రీలకు, వృద్ధులకు, ఫోను పట్టుకున్న పిల్లలకు కూడా చెప్పండి.

తెలియని వారి అజ్ఞానం మన లాభం కారాదు

ఒక వృద్ధురాలు దుకాణానికి వచ్చి, “బేటా, మా ఇంటాయన పెట్టెలో దొరికింది. దీనికి ఏమైనా వస్తుందా?” అని నిజాం కాలం నోటు ముందు పెట్టిందనుకోండి. దాని ధర వేలల్లో ఉంటుందని దుకాణదారుకు తెలుసు. “ఖాలా, చెల్లని కాగితం. వంద ఇస్తాను తీసుకోండి” అంటే అతను వ్యాపారం చేసినట్లా, మోసం చేసినట్లా?

హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) ప్రతి ముస్లిం శ్రేయస్సును కోరతానని దైవప్రవక్త (స)కు ప్రమాణం చేశారు. ఒకసారి ఆయన కోసం మూడు వందల దిర్హములకు ఒక గుర్రం బేరం కుదిరింది. గుర్రాన్ని చూసి, “నీ గుర్రం ఇంతకంటే ఎక్కువ చేస్తుంది” అని అమ్మేవానికి తానే చెప్పి, ధర పెంచుకుంటూ పోయి ఎనిమిది వందలు చెల్లించారు. ప్రమాణాన్ని అంగడిలో నిలబెట్టుకోవడమంటే ఇదే. వ్యాపారికి న్యాయమైన లాభం హలాల్. కానీ ధర తెలిసినవాడు తెలియనివారికి అబద్ధం చెప్పి కాజేసిన సొమ్ములో బర్కత్ ఉండదు. అలాగే అతికించిన నోటును, రంగు వేసిన నోటును లోపం చెప్పకుండా అమ్మడం కూడా నిషిద్ధమే. మోసగించినవాడు మనవాడు కాడని ప్రవక్త (స) స్పష్టం చేశారు.

జకాత్ మరవకండి

ఆల్బంలో అందంగా అమర్చినంత మాత్రాన చెల్లే నోటు డబ్బు కాకుండా పోదు. దానిమీద రాసి ఉన్న విలువను మీ మిగతా సొమ్ముతో కలిపి జకాత్ లెక్క కట్టాలి. చెల్లని నోట్లను వ్యాపారం కోసం కొనిపెట్టుకుంటే, సంవత్సరం నిండిన రోజు మార్కెట్ ధరపై రెండున్నర శాతం జకాత్ చెల్లించాలి. జ్ఞాపకంగా దాచుకున్న చెల్లని నోటుపై జకాత్ లేదు. తాతగారి పెట్టెలో దొరికిన నోటు వారసులందరి సొత్తు. చూసినవాడు జేబులో వేసుకోరాదు. అక్కచెల్లెళ్ల వాటాతో సహా పంచాలి.

సోదరులారా! ఒకనాడు రాజ్యమేలిన సిక్కా నేడు ఆల్బంలో అణిగి ఉంది. నేడు మనం లెక్కపెట్టే నోట్లు కూడా రేపు అంతే. ప్రళయదినాన ఏ కరెన్సీ చెల్లదు. హలాల్‌గా సంపాదించి, నీతిగా ఖర్చుపెట్టి, హక్కుదారులకు చేర్చినదే అక్కడ మనకు మిగులుతుంది.

ఓ అల్లాహ్! మా సంపాదనను హరాం నుండి, మా విశ్వాసాన్ని మూఢనమ్మకాల నుండి, మా ఇళ్లను మోసగాళ్ల నుండి కాపాడు. మా నాలుకలకు అంగడిలో నిజం పలికే భాగ్యం ప్రసాదించు. ఆమీన్.