రంగు కడిగిన తరువాత

శ్రీరామనవమి పందిళ్ళలో పౌరాణిక నాటకము జరుగునపుడు కనబడు ఒక దృశ్యము మనకందరకును పరిచితమే. రాముని వేషధారి తెర తొలగించుకొని రంగస్థలముపైకి రాగానే, ముందు వరుసలో కూర్చున్న ముదుసలి తల్లులు చేతులు జోడింతురు. కొందరు కర్పూరము వెలిగించి హారతి యిత్తురు. ఆ వేషధారి పగలు తమ వీధిలోనే కూలిపని చేసికొనువాడని వారికి తెలియదా? తెలియును. అయినను వారి నమస్కారములో కపటము లేదు. కిరీటము క్రిందనున్న మనుజుని దాటి వారి దృష్టి మరియొకచోట నిలిచినది. తెల్లవారును. వేషధారి కొబ్బరినూనెతో రంగు తుడుచుకొనును. కిరీటము పెట్టెలో చేరును. ఆ దినమున అతడు దగ్గుచు ఇంటి అరుగుపై కూర్చున్నచో ఆ చేతులు మరల జోడింపబడవు. ఈ రెండు స్థితుల నడుమ మారినదేమి? రంగు మాత్రమే గదా!

ఈ మాటలు ముఖ్యముగా అండమాను ద్వీపములలోని డైరీ ఫార్మ్ తెలుగు కుటుంబములవారిని ఉద్దేశించి చెప్పబడుచున్నవి. డైరీ ఫార్మ్ పోర్ట్ బ్లెయిర్ నగరములోని ఒక పేట. ఆ నగరమునకు శ్రీ విజయపురమను పేరు 2024 సెప్టెంబరులో వచ్చినది. 2011 జనగణనలో ఈ ద్వీపవాసులలో నూటికి 13 మందికి పైగా తెలుగును తమ మాతృభాషగా పేర్కొనిరి. వారిలో అనేకుల పూర్వులు శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి బ్రతుకుతెరువునకై సముద్రము దాటినవారు. ఆ ప్రాంతమో, పద్యనాటకమునకును తూర్పు భాగవతమునకును పుట్టినిల్లువంటిది. అట్టి నేలనుండి వచ్చినవారు మూటాముల్లెతోపాటు హరిశ్చంద్రుని కాటిసీను పద్యములను కూడ వెంట తెచ్చుకొనకుందురా? కావున మీ పేటలో ఒక నటుడు జబ్బుపడినపుడు మీరు చేయవలసినదేమి అను ప్రశ్న పుస్తకములలోని ప్రశ్న కాదు.

నటుని జబ్బు తరచుగా అతని వృత్తినుండియే పుట్టును. పద్యనాటకములో ఒక పద్యమును రాగాలాపనతో నిమిషములకొలది సాగదీయవలయును. అంతతో సభ విడువదు, ‘వన్స్‌మోర్’ అని కేకలు వేయును. ఆ కేకలు వేయువారిలో మనమును ఉంటిమి. రాత్రియంతయు ఇట్లు గొంతు చించుకొనినచో స్వరతంతువులపై చిన్న చిన్న గడ్డలు లేచును. తొలిదశలో వానికి మౌనమే గొప్ప మందు. కొంత స్వరశిక్షణ చాలును. కాని మౌనముగా నుండు నటునికి కూలి యెవరిత్తురు? మూడు వారములకు మించి గొంతు బొంగురు తగ్గనిచో వైద్యునికి చూపవలయునని ఎల్లరును ఎరుంగవలసిన విషయము. అది కేవలము అలసట కాక మరింత చెడ్డ వ్యాధికి తొలి గుర్తు కావచ్చును. పూర్వము వేషములకు వాడిన అర్దళము పాషాణసంబంధమైన ఖనిజము; దానిని ముఖమున పూసికొని చెమటతో తెల్లవారువరకు నిలిచినవారు మన నటులు. నిద్రలేని రాత్రులు, వేళగాని వేళ భోజనము, వాని వెనుక రక్తపోటు, మధుమేహము. కడప మండలమందలి సురభి గ్రామమున 1885లో కీచకవధతో ఆరంభమైన సురభి సమాజమువలె కుటుంబమంతయు రంగస్థలముపైననే జీవించుచోట, ఒక్కరు మంచము పట్టిన అందరి ఆదాయమునకును దెబ్బ తగులును.

శ్రీరామకృష్ణుల జీవితములో నాటకశాలకును రోగశయ్యకును చిత్రమైన సంబంధము గలదు. 1884 సెప్టెంబరు 21న వారు కలకత్తాలోని స్టార్ థియేటరునకు పోయి, గిరీశచంద్ర ఘోషు వ్రాసిన చైతన్యలీలను చూచిరి. చైతన్యుని వేషము ధరించినది వినోదిని అను నటి. ఆనాటి పెద్దమనుష్యులు అట్టి స్త్రీల నీడ సోకుటకైన ఇష్టపడెడివారు కారు. పరమహంస ఆటను చూచుచు పలుమారులు భావసమాధి నొందిరి. నాటకమెట్లున్నదని అడిగిన వారితో, అసలును నకలును తమకు ఒక్కటిగా కనబడినవని చెప్పిరి. వినోదిని వచ్చి పాదములపై వ్రాలగా ఆమెకు చైతన్యము కలుగవలెనని ఆశీర్వదించిరి. గమనింపుడు: వారు వేషమునకు నమస్కరించి మనిషిని త్రోసివేయలేదు. వేషములో చూచినదానినే వేషము వెనుకనున్న ఆమెలోను చూచిరి.

ఒక సంవత్సరము గడచినది. 1885లో పరమహంసకే గొంతులో వ్యాధి పుట్టినది. చికిత్స నిమిత్తము వారిని శ్యాంపుకూరునందలి ఒక యింటికి తెచ్చిరి. డాక్టరు మహేంద్రలాల్ సర్కారు చికిత్సకు కుదిరెను. రోగి వ్యయమును భక్తులే భరించుచున్నారని తెలిసికొని ఆయన తన ఫీజును తీసికొనుట మానివేసెను. ఆయన అవతారములను నమ్మువాడు కాడు. ఆ విషయమై రోగితోనే గంటలకొలది వాదించెడివాడు. అయినను వచ్చుట మానలేదు, రుసుము అడుగలేదు. ఉచితవైద్యమునకు ఏకాభిప్రాయము అవసరము లేదన్నమాట. రోగికి శ్రమ కలుగకుండుటకై శిష్యులు దర్శనార్థులను అరికట్టుచున్న ఆ దినములలోనే వినోదినికి వారిని చూడవలెనను తపన కలిగినది. నటికి తెలిసిన విద్య యేమి? వేషము! కాళీపద ఘోషు తోడ్పాటుతో ఆమె దొరవేషము వేసికొని, కావలి కాచువారిని దాటి రోగి గదిలో ప్రవేశించినది. సంగతి తెలిసి పరమహంస నవ్విరి. ఆమె సాహసమును, విశ్వాసమును మెచ్చుకొనిరి. ఆమె వారి పాదములపై తల యుంచి కన్నీరు విడిచినది. ఒక రోగిని చూచుటకు ఒక నటి తన కళనంతయు వెచ్చించినది. నటి రోగియైనపుడు ఆమెను చూచుటకు మనము వీధి చివరివరకైనను నడువలేమా?

ఇచ్చట ఒక ఆక్షేపణ తప్పక వినబడును. ‘ఆతడు త్రాగి చెడినాడు, వచ్చిన డబ్బు నిలుపుకొనలేదు, అట్టివానికేల సహాయము?’ అందురు. ఈ మాట పలుకువారిలో దుర్మార్గులు తక్కువ, విసిగినవారు ఎక్కువ. కావున వారికి సమాధానము చెప్పవలసియున్నది. గిరీశుడును త్రాగెడివాడు, అదియు దాచుకొనక. పరమహంస అతనికి మొదట త్రాగుడు మానుము, తరువాత రమ్మని షరతు పెట్టలేదు. స్వీకరించిరి, మార్పు తరువాత తానే వచ్చినది. ఆ గిరీశుడే హోమియోపతి నేర్చి ఇరుగుపొరుగు బీదలకు ఉచితముగా మందులిచ్చుచుండెను. కాలేయము చెడిన నటునికి వైద్యము చేయించుట అతని త్రాగుడును సమర్థించుట కాదు. త్రాగుడు మాన్పించుట కూడ వైద్యములోని భాగమే. దానికిని ఆసుపత్రియే చోటు గాని రచ్చబండ కాదు.

ఇక ఇచ్చు విధానము. గీత పదునేడవ అధ్యాయములో భగవానుడు దానమును మూడు విధములుగా విభజించెను. ప్రతిఫలము చేయలేనివానికి, ఈయవలెనను భావము చేతనే, తగిన దేశకాలములలో ఇచ్చునది సాత్త్వికము. బదులు కోరి, లేక మనసు నొచ్చుకొనుచు ఇచ్చునది రాజసము. ఈ కొలబద్దతో మన ఆచారమును కొలిచి చూడుడు. నటుడు జబ్బుపడగానే అతని సహాయార్థము నాటకమాడింతుము, మంచిదే. కాని ఆ నాటకములో ఆ రోగినే వేషము కట్టుమందుము, ‘నీవు కనబడినగాని జనము రారు’ అని. జ్వరముతో కిరీటము మోయించి పిదప చేతిలో పెట్టినది కూలి యగును గాని సహాయమెట్లగును? నాటకము మధ్య తెర దించి చదివింపులు చదువుట మరియొకటి. ఫలానావారు నూటపదహార్లు, ఫలానావారు ఐదువందలు అని మైకులో పేరుపేరున వినిపించుచుండ, తెర ప్రక్కన ఆ నటుని భార్యాబిడ్డలు తల వంచుకొని నిలిచియుందురు. ఆ క్షణమున హారతి ఎవరికి జరుగుచున్నది?

నిజమునకు నటుని విషయములో దానమను మాట అంతగా పొసగదు. అతడు ముందే ఇచ్చినాడు. మన పిల్లలకు చదువు రాకముందే ధర్మరాజు ఎట్టివాడో, సత్యము కొరకు ఆలిని అమ్ముకొనిన రాజు ఎట్లేడ్చెనో తన కంఠముతో నేర్పినవాడతడు. మనమిచ్చునది పాత బాకీలో కొంత మొత్తము. పైగా వందల రాత్రులు హరిశ్చంద్రుని వేషము వేసినవానికి చేయి చాచుట రాదు; ఆ పాత్ర అతనికి నేర్పినది అదే. అతడు అడుగువరకు వేచియుండుట మన తప్పగును.

ప్రభుత్వపు తోడ్పాటు లేకపోలేదు. పేదరికములోనున్న వృద్ధ కళాకారులకు కేంద్రప్రభుత్వపు ఆర్థికసహాయ పథకము 1961 నుండి గలదు. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ క్రింద అర్హతగల కుటుంబమునకు ఏటికి 5 లక్షల రూపాయలవరకు ఆసుపత్రి చికిత్స లభించును. కాని ఆ సహాయము ముఖ్యముగా ఆసుపత్రిలో చేరిన రోగికి సంబంధించినది. గొంతు మాటలాడక ఇంటియొద్ద గడపవలసిన మూడు నెలల తిండి, ప్రతిదినము మ్రింగవలసిన రక్తపోటు మాత్ర, బిడ్డల బడి ఖర్చు దానిలో రావు. ఆ ఖాళీనే పేటవారు పూరింపవలయును. అందులకు గొప్ప నిధి అక్కరలేదు. ఉత్సవము జరుపు ప్రతిసారి వసూలైన చందాలో పందిరికి, దీపములకు, మైకునకు తీసినట్లే నటుల వైద్యమునకు ఒక పాలు ముందుగా తీసి వేరుగా వ్రాసియుంచిన చాలును. ఎవరికెంత ఇచ్చినదియు ఆ పద్దు చూచు ఇద్దరు ముగ్గురకు తప్ప ఇతరులకు తెలియనక్కరలేదు. కాగితములు చదువనేర్చిన యువకుడొకడు నటుల కార్డులు సరిగా నున్నవో లేవో ఆరోగ్యముగా నున్నపుడే చూచిపెట్టవలయును.

ద్వీపములలో మరియొక చిక్కు గలదు. అచట జి.బి. పంత్ ఆసుపత్రియే పెద్ద దిక్కు. అందు సాధ్యపడని చికిత్సకు రోగి చెన్నపట్టణమువంటి దూరనగరములకు పోవలసివచ్చును. విశాఖకైనను, చెన్నపట్టణమునకైనను ఓడలో సుమారు 1200 కిలోమీటర్లు. రెండు మూడు దినముల ప్రయాణము. అచట తెలుగు తప్ప మరియొక భాష రాని ముదుసలి నటుడు ఎవరిని అడుగును? చికిత్స ఉచితమైనను తోడు వచ్చినవాని కూలి పోవును, బస ఖర్చగును. కావున అతని వెంట ఎవరు పోవుదురు, ఆ దినములలో వారి యింటి పొయ్యి ఎట్లు వెలుగును అను రెండు విషయములను పేటవారు ముందే కూర్చుండి నిశ్చయించుకొనవలయును. టిక్కెట్టు తీయు దినమున ఆలోచింప మొదలిడినచో ఓడ వెళ్ళిపోవును.