ఓడిన పక్షమువానికి సేనాధిపత్యము

ధ్యానవాక్యములు: 2 సమూయేలు 19:11–15, 20:4–13



అబ్షాలోము తిరుగుబాటు అణగినది గాని రాజ్యమింకను దావీదు చేతికి రాలేదు. రాజు యొర్దాను ఆవలనే యున్నాడు. సొంత గోత్రమైన యూదావారే ఆయనను పిలుచుటకు వెనుదీయుచున్నారు. అట్టివేళ ఆయన కబురంపినది ఎవరికి? నిన్నటివరకు అబ్షాలోము సైన్యమును నడిపిన అమాశాకు. యోవాబునకు బదులు నీవే సేనాధిపతివని ప్రమాణము చేసెను. ఆ కబురుతో యూదావారందరు ఏకమనస్సుతో రాజువైపు తిరిగిరి.

1940 మే నెలలో, యుద్ధము మీదికి వచ్చుచుండగా, ఇంగ్లండులో చర్చిల్ కూడ ఇట్లే ఎదురుపక్షపు అట్లీని యుద్ధ మంత్రివర్గములో కూర్చుండబెట్టెను. తాను ఏండ్ల తరబడి విమర్శించిన చేంబర్లేనును సహా బయటికి నెట్టలేదు.

మన తెలుగువాడైన పి.వి. నరసింహారావుగారి సంగతి మనకింకను దగ్గరిది. 1991లో ఆయన ప్రధానియై మన రాయలసీమలోని నంద్యాలలో ఉపయెన్నికకు నిలిచినప్పుడు, ఎదుటి పక్షపు ఎన్.టి. రామారావుగారు, తెలుగువాడు ప్రధానియైనాడని పోటీ పెట్టలేదు. 1994లో కాశ్మీరు విషయమై పాకిస్తాను జెనీవాలో, ఐక్యరాజ్యసమితి మానవహక్కుల సంఘము ఎదుట, మన దేశముమీద తీర్మానము తెచ్చెను. మన బృందమునకు నాయకునిగా పి.వి.గారు పంపినది ప్రతిపక్ష నాయకుడైన వాజపేయిగారిని! 1993 జూలైలో ఈ ప్రభుత్వమును కూల్చుటకు ఓటువేసిన పక్షము వారిది. 1992 డిసెంబరులో బాబ్రీ మసీదు కూలిన నాటి గాయమింకను పచ్చిగానే యున్నది. అయినను విదేశాంగ సహాయమంత్రి సల్మాన్ ఖుర్షీద్‌గారు ఆ బృందములో చేరి, ఆ నాయకుని క్రింద పనిచేసిరి. పాకిస్తాను తన తీర్మానమును వెనుకకు తీసికొనెను. అది మంత్రిపదవి కాదు, ఒక్క పని మాత్రమే అందురేమో. నిజమే. కాని దేశము పరువు ఆ పనిమీదనే ఆనుకొని యుండెను.

ఖుర్షీద్‌గారి పేరు నేను విడువక చెప్పుటకు హేతువున్నది. అమాశాను చంపినది శత్రువు కాడు. గిబియోనులోని పెద్దరాతి యొద్ద క్షేమమడుగుచు, ముద్దుపెట్టుకొనువానివలె గడ్డము పట్టుకొని, యోవాబే పొడిచెను. ఇద్దరును దావీదు అక్కచెల్లెండ్ర బిడ్డలే! ఇక్కడ దావీదును నేను పూర్తిగా మెచ్చుకొనలేను. నిన్ను తీసివేయుచున్నానని యోవాబును పిలిచి చెప్పినట్టు గ్రంథమున కనబడదు. అన్నేండ్ల సేవకు ఒక మంచిమాటయైన లేదు. హత్య జరిగిన తరువాత సహా తాను దండింపక, మరణకాలమున ఆ లెక్కను సొలొమోనునకు అప్పగించెను. పగవానిని పిలుచుటకు చాలిన ధైర్యము తనవానితో మాటాడుటకు చాలలేదు.

మన పల్లెలలో ఇది ఎరుగనివారెవరు? యెన్నికలో గెలిచిన పెద్దమనిషి మనసు మెత్తబడినను, వెంట తిరిగినవారు మెత్తబడరు. "అన్నా, మేము జెండా మోసినది వాళ్ల వీధికి బోరు వేయించుటకేనా?" అందురు. సంఘ పెద్దల ఎన్నిక ముగిసిన తరువాత మన గుడి అరుగుమీదను ఈ మాటలే వినబడుచున్నవి.

రాబోవు ఆదివారము ఆరాధనానంతరము కోతపండుగ కమిటీ కూర్చుండును. వేరుశనగ ఎండిన యేడు గనుక వచ్చు కానుకలు కొంచెమే. ఏ యింటికి ఎన్ని శేర్ల గింజలు పంచవలెనో వ్రాయు పుస్తకము ఒకరి చేతికి ఈయవలెను. ఓడిన పక్షములోనుండి ఒకరి పేరును గెలిచిన పెద్దలే చెప్పవలెనని కోరుచున్నాను. అయితే శనివారము సాయంత్రమే, తమకొరకు నిలిచినవారి గడపగడపకు పోయి, ఆ సంగతి ముందుగా వారితో చెప్పి రావలెను.